కోనసీమలో ఒక వీకెండ్: రిసార్టు కన్నా రేవు ముఖ్యం

కోనసీమకి వీకెండ్ వెళ్దాం అనుకునేవాళ్లు ముందు అడిగే ప్రశ్న "చూడ్డానికి ఏమేం ఉన్నాయి" అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. ముందు తేల్చుకోవాల్సింది ఎక్కడ దిగాలన్నది. అదీ గదిలో ఏసీ ఉందా, స్విమ్మింగ్ పూల్ ఉందా అని కాదు, తలుపు తీసి బయటికొస్తే గోదారి ఎంత దూరం, నడుచుకుంటూ నీళ్ల దాకా దిగడానికి రేవు ఉందా లేదా అని. అది కుదిరితే మిగతా ట్రిప్ దానంతటదే కుదురుతుంది, అది కుదరకపోతే ఎన్ని గుళ్లు తిరిగినా ఎన్ని ఫోటోలు దిగినా కార్లో కూర్చుని వచ్చినట్టే ఉంటుంది. ఈ రివ్యూ అంతా ఆ ఒక్క మాట చుట్టూనే రాస్తున్నాను.

మేం వెళ్లింది డిసెంబర్‌లో, ధనుర్మాసం మొదలయ్యాక. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్యగారు. దిగింది రాజోలు వైపు, వశిష్ట ఏటిగట్టుని ఆనుకుని ఉన్న ఒక పాత పెంకుటింట్లో. ఇంటి పేరు, ఊరి పేరు రాయడం లేదు. ఇంటివాళ్లే వద్దన్నారు. ఉన్నవి రెండు గదులు, వంట చేసేది ఇంటావిడొక్కరే, ఫోన్లు ఎక్కువైతే ఎవరికీ సరిగ్గా పెట్టలేం అన్నారు, నాకు ఆ మాట న్యాయంగా అనిపించింది. ఇలాంటి ఇళ్లు రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి, వెతికితే దొరుకుతాయి. ఎలా వెతకాలో, ఏం అడగాలో మాత్రం వివరంగా చెప్తాను.

ముందు ప్యాకేజీల గురించి, ఎందుకంటే చాలామంది అక్కడే ఇరుక్కుంటున్నారు. హైదరాబాద్‌లో ఒక ట్రావెల్స్ వాళ్లని అడిగితే మాకు పంపిన ప్లాన్ ఇది: శనివారం పొద్దున రాజమండ్రిలో దిగడం, ధవళేశ్వరం బ్యారేజి, కడియం నర్సరీలు, ర్యాలి జగన్మోహిని కేశవస్వామి, వాడపల్లి వెంకన్న, మందపల్లి శనీశ్వరుడు, అయినవిల్లి వినాయకుడు, అప్పనపల్లి బాలాజీ, రాత్రికి దిండి. ఆదివారం అంతర్వేది, అక్కణ్ణించి యానాం, ద్రాక్షారామం, సాయంత్రానికి మళ్లీ రాజమండ్రి స్టేషన్. వీటిలో ఒక్కటి కూడా తీసిపారేసే చోటు కాదు. ర్యాలిలో ముందువైపు కేశవుడు, వెనకవైపు జగన్మోహిని, రెండు రూపాలూ ఒకే శిలలో ఉన్న ఆ విగ్రహాన్ని కాసేపు నిలబడి చూడాలి. కానీ ఇన్నిటినీ రెండు రోజుల్లో కుక్కితే ఒక్కోచోట దొరికేది అరగంట, అందులో చెప్పులు విప్పడానికీ వేసుకోవడానికీ పది నిమిషాలు పోతాయి. పెద్దవాళ్లతో అయితే ఇంకా కష్టం. "అసలు గోదారి పక్కన కూర్చునేది ఎప్పుడండీ" అని నేనడిగితే "దిండిలో రాత్రికి రిసార్టు నుంచి కనిపిస్తుంది మేడం" అన్నారు. రాత్రి ఎనిమిదింటికి చేరాక చీకట్లో ఏం కనిపిస్తుంది? గుళ్ల యాత్ర చేయాలనుకుంటే దానికి వేరే నాలుగు రోజులు పెట్టుకుని శ్రద్ధగా చేయండి. విశ్రాంతి కోసం వెళ్లేటప్పుడు ఆ జాబితాని పక్కన పెట్టేయండి.

వాడపల్లి గురించి ఇంకో మాట, ఇది వీకెండ్ వెళ్లేవాళ్లు తప్పక తెలుసుకోవాలి. ఏడు శనివారాలు దర్శనం చేసుకుంటామని మొక్కుకునే భక్తులతో శనివారం వాడపల్లి కిటకిటలాడిపోతుంది. రావులపాలెం నుంచి ఆత్రేయపురం వైపు రోడ్డు, లొల్ల లాకుల దగ్గర కాలవగట్టు, అంతా కార్లే. రాజమండ్రి మీదుగా కారులో వచ్చేవాళ్లు పూతరేకుల కోసం ఆత్రేయపురం వెళ్లాలనుకుంటే శనివారం కాకుండా ఆదివారం తిరుగు ప్రయాణంలో పెట్టుకోవడం మంచిది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, దాంతో హైవే పొడుగునా ప్రతి కొట్టు మీదా ఆ పేరే కనిపిస్తోంది. ఊళ్లోకి వెళ్లి, కుండ మీద రేకు తీస్తున్న చోట కొనుక్కుంటే రుచిలో తేడా తెలుస్తుంది. బెల్లం, నెయ్యి వేసినవి తీసుకోండి. చాక్లెట్ పూతరేకులు మా పిల్లలకి కూడా నచ్చలేదు.

మేం రాజమండ్రి వైపు నుంచి వెళ్లలేదు. హైదరాబాద్ నుంచి నర్సాపురం వెళ్లే రాత్రి బండెక్కి పొద్దున్నే పాలకొల్లులో దిగాం. కోనసీమ లోపలికి ఇంకా రైలు లేదు, కోటిపల్లి నుంచి నర్సాపురం దాకా వేయాల్సిన లైను పని ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. అందుకని చాలామందికి రాజమండ్రి ఒక్కటే దారి అనిపిస్తుంది, కానీ రాజమండ్రి నుంచి దిండి దాదాపు 80 కిలోమీటర్లు. పాలకొల్లు నుంచి అయితే చించినాడ వంతెన దాటితే చాలు, అవతలి ఒడ్డే దిండి. ఓపిక ఉంటే పాలకొల్లులో క్షీరారామలింగేశ్వరస్వామిని చూసుకుని బయల్దేరొచ్చు, పంచారామాల్లో ఒకటి, తొమ్మిది అంతస్తుల గోపురం ఊళ్లో ఎక్కణ్ణించైనా కనబడుతుంది. మేం బయటినుంచే దణ్ణం పెట్టుకుని ఆటోలో సామాన్లు సర్దుకున్నాం, ఎందుకంటే అత్తయ్యగారికి ముందు వేడినీళ్ల స్నానం కావాలి.

చించినాడ వంతెన మీద ఆటో ఆపమని అడగండి, పొద్దునపూట అయితే అడ్డు చెప్పరు. కింద వశిష్ట అంత వెడల్పుగా ఉంటుందని ఊహించం. పొగమంచులో అవతలి ఒడ్డు కొబ్బరి తలలు మాత్రమే కనిపిస్తున్నాయి, మధ్యలో లంక, అంటే ఏటి నడుమ దీవి, లంక చివర వలలు సర్దుకుంటున్న రెండు పడవలు. పిల్లలు అక్కడే నిద్ర మత్తు వదిలించుకున్నారు. ధవళేశ్వరం దగ్గర గోదారి గౌతమి, వశిష్ట పాయలుగా విడిపోతుంది, ఈ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య నేలే కోనసీమ, మధ్యలో వశిష్ట నుంచి చీలిన వైనతేయ ఇంకోటి. వంతెన మీద నిలబడి మా ఆయన ఇదంతా పెద్దాడికి చెప్తుంటే ఆటో అబ్బాయి కలగజేసుకుని "ఇదంతా నీళ్లలో ఉన్న ఊరే బాబూ, వరదొస్తే మా లంకకి పడవే దారి" అన్నాడు. పాఠం పెద్దాడికి అప్పుడు బాగా ఎక్కింది.

ఇంక ఇల్లు. ముందర కాలవ, వెనక ఏటిగట్టు, గట్టు దాటితే రేవు. ఆర్థర్ కాటన్ 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరంలో కట్టించిన ఆనకట్టతో మొదలైన కాలవల్లో ఇదీ ఒకటని ఇంటి పెద్దాయన చెప్పారు. ఆయన్ని మేం బాబాయిగారు అనే పిలిచాం, ఆవిడని పిన్నిగారు. వెళ్లగానే గదులు చూపించి, లేత బొండాలు కొట్టి ఇచ్చి, "స్నానాలు కానివ్వండి, తొందరేం లేదండి, టిఫిను వేడిగా వేస్తాను" అన్నారు పిన్నిగారు. ఆ తొందరేం లేదండి అన్న మాట మేం ఉన్నంతసేపూ ఎన్నిసార్లు విన్నామో, వాళ్లు నిజంగానే ఎక్కడా తొందరపెట్టలేదు. రిసార్టుల్లో టిఫిన్ పదింటికల్లా ఎత్తేస్తారు, ఇక్కడ వెళ్లగానే మళ్లీ పడుకున్న మా చిన్నది పదిన్నరకి లేచినా దానికోసం పెనం మళ్లీ పొయ్యి మీద పెట్టారు.

గదుల గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. మండువా లోగిలి ఇల్లు, గోడలు మందం, డిసెంబర్ కాబట్టి ఫ్యాను కూడా అక్కర్లేకపోయింది, ఎండాకాలం ఎలా ఉంటుందో మీరే ఆలోచించుకోండి, ఒక గదిలోనే ఏసీ ఉంది. బాత్రూంలు ఇంట్లోనే ఉన్నాయి, శుభ్రంగా ఉన్నాయి, ఒకదాంట్లో పాశ్చాత్య పద్ధతి కమోడు ఉంది, పెద్దవాళ్లుంటే ముందే అడిగి ఆ గది తీసుకోండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగ సరిగ్గా రాదు, జుట్టు బిరుసెక్కుతుంది, తాగడానికి మాత్రం క్యాన్ నీళ్లే ఇచ్చారు. సెల్ సిగ్నల్ గట్టు మీద బాగుంటుంది, ఇంట్లో అంతంతమాత్రం. మంచాలు పాత పందిరి మంచాలు, పరుపు గట్టిది, నా నడుముకి హాయిగా ఉంది, మా ఆయనకి లేదు. తెల్లారుజామున గుళ్లో మైకులో తిరుప్పావై మొదలవుతుంది, అత్తయ్యగారు లేచి కూర్చుని వెంట పాడుకున్నారు, నిద్ర పలచనివాళ్లు మాత్రం ధనుర్మాసంలో ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. గదికి రోజుకి 2,500 తీసుకున్నారు, భోజనాలు విడిగా.

దోమలు. ఇది ఏ రివ్యూలోనూ సరిగ్గా రాయరు. సాయంత్రం ఐదున్నర నుంచి ఏడున్నర దాకా గట్టు మీద కూర్చోవాలంటే ఒళ్లంతా కప్పే బట్టలు, ఓడోమాస్ తప్పవు. పిన్నిగారు వేపాకు పొగ వేశారు, దోమతెరలు కట్టారు, అయినా చిన్నదాని కాళ్లు దద్దుర్లెక్కాయి. గాలి వాటాన్ని బట్టి రొయ్యల చెరువుల వాసన కూడా వస్తుంది. కొబ్బరితోటలు, వరిచేలు తీసేసి చెరువులు తవ్వినచోట ఈ మార్పు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, బాబాయిగారు దీని గురించి చాలా బాధగా మాట్లాడారు, పక్క చెరువు ఉప్పు వల్ల తన తోటలో చెట్లు పిందె రాలుస్తున్నాయన్నారు. హోమ్‌స్టే బుక్ చేసేముందు చెరువులు ఎంత దూరంలో ఉన్నాయని అడగడం అందుకే మంచిది, ఫోటోల్లో అది తెలియదు.

అడగాల్సినవి ఇంకొన్ని. రేవుకి మెట్లున్నాయా, ఉంటే పాచి పట్టి ఉన్నాయా. ఇక్కడ సముద్రం దగ్గర కాబట్టి గోదారికి పోటు, పాటు ఉంటాయి, పోటులో నీళ్లు పై మెట్టు దాకా వస్తాయి, పాటులో కింద మెట్లు తేలి బురద కనబడుతుంది, జారేది ఆ మెట్ల దగ్గరే. మా అత్తయ్యగారి కోసం బాబాయిగారు గట్టు మీదే పడక్కుర్చీ వేయించారు, రేవులోకి దిగకుండానే ఆవిడకి అంతా కనిపించింది. కారులో వెళ్లేవాళ్లు పార్కింగ్ ఎక్కడని కూడా అడగండి, కొబ్బరిచెట్టు కింద మాత్రం బండి పెట్టకండి. ఒక్క కాయ పడితే అద్దం పోతుంది. ఇంకోటి, డిసెంబర్‌లో సార్వా (ఖరీఫ్ వరి) కోతలు అయిపోయి ఊరి రోడ్ల మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, సగం రోడ్డే మిగులుతుంది, నెమ్మదిగా వెళ్లాలి, హారన్ కొడితే లాభం లేదు. అది వాళ్ల ఏడాది కష్టం.

భోజనం గురించి ఎంత రాసినా తక్కువే, ఈ ట్రిప్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. మొదటి రోజు పొద్దున దిబ్బరొట్టె, దళసరి మూకుట్లో పైన కింద నిప్పులు పెట్టి కాల్చింది, పైన కరకర, లోపల మెత్తన, చెరుకు పానకంలో ముంచుకుని తినమన్నారు. మా పిల్లలు మినపరొట్టె అంటే ముఖం తిప్పేస్తారు, ఇక్కడ మళ్లీ అడిగారు. మధ్యాహ్నం కొత్తబియ్యం అన్నం, ముద్దపప్పు, ఆవపెట్టిన కంద బచ్చలి కూర, కొబ్బరి పచ్చడి, చిక్కుడుకాయ వేపుడు, గడ్డపెరుగు. రాత్రికి గోదారి పీతల ఇగురు, రొయ్యలు. అన్నిట్లోనూ కొబ్బరి ఏదో రూపంలో ఉంది కానీ ఎక్కడా మొహం మొత్తలేదు. రెండో రోజు పొట్టిక్కలు, పనసాకుల్ని పుల్లలతో బుట్టలుగా కుట్టి అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికించినవి, ఆకు వాసన పిండిలోకి దిగి ఒక తియ్యటి పసరు రుచి వస్తుంది. అంబాజీపేటలో హోటళ్లలో కూడా అమ్ముతారు, పొట్టిక్కలకి ఆ ఊరు పెట్టింది పేరు, రాష్ట్రంలో పెద్ద కొబ్బరి మార్కెట్లలో ఒకటి కూడా అక్కడే ఉంది. అటువైపు నుంచి వచ్చేవాళ్లు పొద్దున్నే ఆగి తినండి, మధ్యాహ్నానికి ఉండవు. ఆ దారిలోనే పి.గన్నవరం దగ్గర వైనతేయ మీద కాలవ నీళ్లని దాటించే అక్విడెక్ట్ వస్తుంది, దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆకలితో వచ్చిన ఏ మనిషినీ ఖాళీ కడుపుతో పంపని తల్లి ఆవిడ. ఈ నేల మీద అన్నం పెట్టడం అన్నది ఎంత పట్టింపుగా చేస్తారో పిన్నిగారి పంక్తిలో కూర్చున్నాక నాకు బాగా అర్థమైంది.

పులస గురించి అందరూ అడుగుతారు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు, సరే, కానీ అది వరదనీళ్లకి సముద్రం నుంచి గోదారిలోకి ఎదురీదుకుంటూ వచ్చే చేప, జూలై చివర నుంచి సెప్టెంబర్ దాకానే. డిసెంబర్‌లో హోటల్ మెనూలో పులస అని కనిపిస్తే ఐసులో పెట్టిన వేరే చోటి ఇలస (సముద్రంలో ఉండగా ఈ చేపకి ఆ పేరే) అయ్యే అవకాశమే ఎక్కువ. అన్ని వేలు అందుకు పోయకండి. ఆ డబ్బుతో పీతలు, కొరమీను, రొయ్యలు తృప్తిగా తినొచ్చు. పిన్నిగారిని అడిగితే "ఇప్పుడు పులసేంటమ్మా, శ్రావణంలో రండి, వండిపెడతాను" అన్నారు. అలా లేదని చెప్పే ఇంటినే నమ్మాలనిపిస్తుంది.

దిండిలో రిసార్టులు కూడా ఉన్నాయి, టూరిజం శాఖ వాళ్లదీ, ప్రైవేటువీ, హౌస్‌బోట్లూ. గ్రూపుగా కుర్రాళ్లు వెళ్తే, పూల్, పాటలు, క్యాంప్‌ఫైర్ కావాలంటే అవే బాగుంటాయి. మేం ఒక ప్రైవేటు రిసార్టులో శనివారం మధ్యాహ్నం టీకి ఆగాం, నీళ్ల ఒడ్డున లాన్, ఊయలలు, చూపు బాగుంది. కానీ డీజే స్పీకర్ల మోతలో పక్కన కూర్చున్న మనిషి మాట వినబడలేదు, టీ రావడానికి ముప్పావుగంట పట్టింది, అడిగితే పెళ్లి పార్టీ ఉందన్నారు. వీకెండ్‌లో ఫంక్షన్లు ఉంటాయి కాబట్టి రిసార్టు బుక్ చేసేవాళ్లు ఆ రోజు పెళ్లిగానీ పార్టీగానీ ఉందా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. కేరళలా ఉంటుందని ప్రకటనల్లో రాస్తారు. హౌస్‌బోట్ ఎక్కితే కొంత అలాగే అనిపిస్తుంది, కాదనను, కానీ లంకలు, కాలవగట్లు, లాకులు, అరుగుల మీద పలకరింపులు, ఇవన్నీ గోదారివి, వీటికోసం వెళ్తేనే కోనసీమ వెళ్లినట్టు.

పడవ మాత్రం తప్పకుండా ఎక్కండి. పెద్ద బోటు అక్కర్లేదు. బాబాయిగారు పక్కింటి అతని మోటారు పడవ మాట్లాడారు, సాయంత్రం నాలుగున్నరకి బయల్దేరి లంక చుట్టూ తిప్పి చీకటి పడకముందే దింపేశాడు. మధ్యలో మోటారు ఆపి పడవని నీళ్ల వాలుకి వదిలేశాడు. ఆ కాసేపు చాలు, అంత దూరం వచ్చినందుకు. లకుముకి పిట్ట ఒకటి వల కర్ర మీద నుంచి నీళ్లలోకి దూకి చేపతో తేలింది, మా చిన్నది గట్టిగా చప్పట్లు కొట్టింది. లంకలో దొండపాదులు, అరటి, అక్కడక్కడ గేదెలు ఒడ్డున నీళ్లలో మెడల దాకా. కొబ్బరి దింపు చేస్తున్న మనిషిని చెట్టు మీద చూసి పెద్దాడు అలా నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు, తాడు బంధం కాళ్లకి వేసుకుని అంత ఎత్తు ఎక్కడం, గెల కోసి కిందికి వదలడం, దిగి పక్క చెట్టు ఎక్కడం. ఆ పనికి ఇప్పుడు మనుషులు దొరకడం లేదని పడవతను చెప్పాడు.

ఇక్కడ నాకున్న ఫిర్యాదు ఒకటే, లైఫ్‌జాకెట్లు. పెద్దవాళ్లవి ఉన్నాయి, పిల్లల సైజువి లేవు. పెద్దదే నడుముకి తాడుతో బిగించి కట్టారు, అది నాకు ససేమిరా నచ్చలేదు, ఇంటి రివ్యూలో మార్కులు తగ్గించింది కూడా దానికే. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగి అంతమంది పోయాక గోదారి మీద జాకెట్ లేకుండా ఎవరూ పడవెక్కకూడదు. పిల్లలున్నవాళ్లు వాళ్ల సైజు జాకెట్ హైదరాబాద్‌లోనే కొని పట్టుకెళ్లండి, బ్యాగులో పెద్ద చోటు పట్టదు. గాలి ఎక్కువగా ఉన్నరోజు పడవతను రానంటే బతిమాలకండి.

పాపికొండలు కూడా ఇదే వీకెండ్‌లో కలపొచ్చా అని అడిగేవాళ్లున్నారు. కలపకండి. గండిపోచమ్మ దగ్గర బోటెక్కితే రోజంతా దానికే పోతుంది, కొండల మధ్య గోదారి చూడదగ్గదే, కానీ అది వేరే ప్రాంతం, వేరే మూడ్, కోనసీమ నుంచి అక్కడికి కారు ప్రయాణమే సగం ప్రాణం తీస్తుంది.

ఆదివారం పొద్దున్నే ఆరింటికి ఆటో మాట్లాడుకుని అంతర్వేది వెళ్లాం, ట్రిప్ మొత్తంలో మేం పెట్టుకున్న చూడాల్సిన చోటు అదొక్కటే. లక్ష్మీనరసింహస్వామి గుడి ఆ వేళకి ఖాళీగా ఉంది, దర్శనం పావుగంటలో అయిపోయింది. మాఘమాసంలో భీష్మ ఏకాదశి సమయంలో కల్యాణం, తీర్థం జరిగే రోజుల్లో అయితే ఇలా ఉండదు, లక్షల్లో వస్తారు, గదులు దొరకవు, విశ్రాంతి కోసం వెళ్లేవాళ్లకి ఆ రోజులు కావు. గుడి నుంచి ముందుకి వెళ్తే లైట్‌హౌస్, ఇంకా ముందుకి వెళ్తే వశిష్ట బంగాళాఖాతంలో కలిసేచోటు. అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు దాన్ని, ఒకవైపు గోదారి, ఒకవైపు సముద్రం, మధ్యలో ఇసుక. నీళ్లు రెండు రంగులుగా విడిగా కనబడతాయి. అత్తయ్యగారు అక్కడి ఇసుకలో కూర్చుని చాలాసేపు లేవనన్నారు. స్నానం మాత్రం సంగమంలో చేయొద్దు, లోపల నీళ్ల లాగుడు పైకి తెలియదు, స్థానికులు కూడా అదే చెప్తారు. ఒడ్డున ప్లాస్టిక్ సీసాలు, పాత బట్టలు, కొబ్బరి చిప్పలు పడేసి ఉన్నాయి, చూస్తే మనసుకి కష్టమేసింది. ఒక సంచీ నింపి మా పిల్లలు తెచ్చి గుడి దగ్గర చెత్తడబ్బాలో వేశారు.

పదింటికల్లా మళ్లీ ఇంటికి వచ్చేశాం. ఆ తర్వాత మధ్యాహ్నం మూడింటి దాకా ఏమీ చేయలేదు, అదే ప్లాన్. నేను గట్టు మీద పడుకున్నాను, మా ఆయన బాబాయిగారితో మాట్లాడుతూ తేగలు ఒలుచుకున్నారు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ అయి వారాల తరబడి మండినప్పుడు రాత్రుళ్లు ఎలా ఉండేవో, ఊళ్లు ఖాళీ చేసిన రోజులు ఎలా గడిచాయో ఆయన చెప్తుంటే మేమంతా చుట్టూ చేరి విన్నాం. తాటిపాక వైపు వెళ్తే కనిపించే గ్యాస్, చమురు పైపులైన్లు, ట్యాంకర్లు ఈ పచ్చదనం మధ్యే ఉన్నాయని అప్పుడు గుర్తొచ్చింది. ఇలాంటివి ఏ గైడూ చెప్పడు, ఇంటివాళ్లతో కూర్చునే టైము మనకుంటేనే వినబడతాయి. ప్యాకేజీ వాళ్ల లెక్కలో ఆ సమయానికి మేం యానాం దారిలో ఉండాలి.

తిరుగు ప్రయాణానికి మంచి దారి చెప్తాను, దీన్ని చాలామంది వదిలేస్తున్నారు. వచ్చిన దారినే పాలకొల్లు వెళ్లక్కర్లేదు. సఖినేటిపల్లి రేవు నుంచి పంటు ఎక్కితే వశిష్ట దాటి అవతల నర్సాపురం వైపు దిగుతాం. మనుషులు, మోటారు సైకిళ్లు, కార్లు, గడ్డిమోపులు, పాల క్యాన్లు అన్నీ ఒకే పంటు మీద. కాసేపట్లో దాటేస్తుంది, ఛార్జీ చాలా తక్కువ, సాయంత్రం వెలుగులో గోదారిని ఇంకోసారి అడ్డంగా దాటి వెళ్తాం. నర్సాపురం నుంచే బండి బయల్దేరుతుంది కాబట్టి పెద్దవాళ్లని తీరిగ్గా ఎక్కించొచ్చు. వరదల్లో పంటు ఆపేస్తారు, మామూలు రోజుల్లో కూడా అప్పుడప్పుడు ఆగుతుంది, అందుకని పొద్దున్నే ఇంటివాళ్లని కనుక్కోమని చెప్పండి, నడవకపోతే చించినాడ వంతెన ఉండనే ఉంది. స్టేషన్‌కి ముందు గంట సమయం మిగిలితే నర్సాపురంలో లేసు కొట్టు ఒకటి చూడండి. ఇక్కడి ఆడవాళ్లు చేత్తో అల్లే క్రోషె లేసుకి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది, టేబుల్ క్లాత్‌లు, కుషన్ కవర్లు, పిల్లల గౌన్లు దొరుకుతాయి. బేరం ఆడబుద్ధి కాలేదు నాకు, ఒక్కో ముక్కకి పట్టే పని చూస్తే ధర తక్కువే.

ఎప్పుడు వెళ్లాలంటే నవంబర్ చివర నుంచి ఫిబ్రవరి దాకా. అందులో సంక్రాంతి వారం తీసేయండి, ఇంటింటా చుట్టాలే ఉంటారు, గది దొరికినా ధర రెండింతలు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలనుకునేవాళ్లు మాత్రం అప్పుడే వెళ్లాలి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ప్రభల్ని (వెదురుతో కట్టి రంగు బట్టలతో అలంకరించిన ఎత్తైన చట్రాల్ని) భుజాల మీద, కాలవల్లోంచీ చేలల్లోంచీ మోసుకొచ్చే దృశ్యం ఇంకెక్కడా దొరకదు, దానికి నెలల ముందే బస చూసుకోవాలి. జూలై నుంచి సెప్టెంబర్ వరద కాలం, ఎర్రనీళ్లు లంకల్ని ముంచెత్తుతాయి, పడవలు తిరగవు. ఎండాకాలంలో కాలవలకి నీళ్లు ఆపేస్తారు, నీళ్లు లేని కాలవ పక్కన కూర్చోవడానికి అంతదూరం ఎందుకు? పైగా ఉక్క. తాటిముంజలు, మామిడిపళ్లు ఉంటాయనుకోండి, అది వేరే ఆశ.

మొత్తానికి ఇంటికి అయిదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర పిల్లల లైఫ్‌జాకెట్లకి తగ్గించాను, ఆ మాట బాబాయిగారికి కూడా చెప్పాను, తెప్పిస్తానన్నారు. మీరు వెళ్లే ఇంట్లో అయినా ముందు అదే అడగండి. నర్సాపురం బండిలో శుక్రవారం రాత్రి, ఆదివారం సాయంత్రం బెర్తులు త్వరగా అయిపోతాయి, కింద బెర్తు కావాలంటే రిజర్వేషన్ తెరిచిన రోజే టికెట్ తీసుకుని, ఆ తర్వాత ఇల్లు మాట్లాడుకోండి.